పుర్రె గోడ దాటిన ప్రతిధ్వని

ఈ ప్రత్యేక సంచికకు ఆరోగ్య సంబంధమైన చరిత్ర వ్యాసం ఒకటి కావాలని సంపాదకవర్గం మిత్రులు కోరారు. నేను వైద్యుణ్ణి కాను. సర్వీసులో చాలా ఏళ్లు వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు ఫైళ్లు చూసిన గుమాస్తాను. బిల్లులో ప్రతి పద్దు దగ్గరా ఆగి, ఇది దేనికి, అవసరమేనా అని ప్రశ్న వేసుకోవడం అలవాటైపోయింది. ఈమధ్య మెదడు ఆపరేషను బిల్లుల్లో ‘ఆపరేషను సమయంలో అల్ట్రాసౌండ్’ అనే పద్దు కనిపిస్తోంది. మన సభ్యుల్లో ఒకరు నన్ను అడగనే అడిగారు: “అల్ట్రాసౌండ్ కడుపుకు తీస్తారు గాని, తలకెందుకండీ?”

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే ఎనభై ఏళ్ల పైచిలుకు చరిత్ర బయటపడింది. మనకు స్కానింగు అనగానే గర్భిణులే గుర్తుకొస్తారు. కాని గ్లాస్గో నగరంలో ఇయాన్ డొనాల్డ్ బృందం గర్భస్థ శిశువు ప్రతిధ్వని చిత్రాలను 1958లో ప్రకటించే నాటికే, అదే శబ్దంతో మెదడులో కంతిని వెతికే ప్రయత్నం మొదలై పదహారేళ్లయింది. ఆ ప్రయత్నం ఒకసారి విఫలమైంది. ఫైలు మూతపడింది. తర్వాత వేరే దారిన మళ్లీ తెరుచుకుంది. ఆ కథ మిత్రులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కనబడని కంతి

1884 నవంబరు 25న లండన్‌లో రిక్‌మన్ గాడ్లీ అనే శస్త్రవైద్యుడు ఒక యువకుడి మెదడులోంచి కంతిని తీశారు. అది ఎక్కడ ఉందో చెప్పినవారు హ్యూస్ బెనెట్ అనే వైద్యుడు. ఆయనకు ఏ యంత్రం సాయమూ లేదు. మూర్ఛలు ఎటువైపు వస్తున్నాయి, చెయ్యీ కాలూ ఎలా పట్టు తప్పుతున్నాయి అన్న లక్షణాలు చూసి చోటు నిర్ణయించారు. పుర్రె తెరిస్తే కంతి చెప్పిన చోటే ఉంది. రోగి మాత్రం సుమారు నాలుగు వారాలకు ఇన్‌ఫెక్షనుతో చనిపోయాడు.

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టినా మెదడు విషయంలో పెద్దగా ఒరిగిందేమీ లేదు. ఎక్స్‌రేకు ఎముక కనిపిస్తుంది. మెత్తని మెదడులో మెత్తని కంతి కనబడదు. 1918లో అమెరికాలో వాల్టర్ డాండీ ఒక ఉపాయం చేశారు. మెదడు లోపల ద్రవంతో నిండిన గదులుంటాయి, వాటిని వెంట్రికిల్స్ అంటారు. ఆ ద్రవాన్ని కొంత తీసి గాలి నింపి ఎక్స్‌రే తీస్తే గదుల ఆకారం తెలుస్తుంది. గది ఒక పక్కకు నొక్కుకుపోయి ఉంటే అటువైపు కంతి ఉన్నట్టు లెక్క. రోగికి మాత్రం భరించరాని తలనొప్పి. 1927లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ రక్తనాళాల్లోకి మందు ఎక్కించి వాటిని ఎక్స్‌రేలో కనబడేట్టు చేశారు. ఈ రెండు పద్ధతులూ దొంగను చూడలేక, ఇంట్లో చెల్లాచెదురైన సామాను చూసి దొంగ ఏ గదిలో దూరాడో ఊహించడం వంటివే.

మన దేశంలో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ జేకబ్ చాందీ గారు 1949లోను, మద్రాసు జనరల్ ఆస్పత్రిలో డాక్టర్ బి. రామమూర్తి గారు 1950లోను మెదడు శస్త్రచికిత్సా విభాగాలు ప్రారంభించినప్పుడు ప్రపంచమంతటా ఉన్న సాధనాలు ఇవే.

తట్టి చూసే విద్య

కుండ కొనేటప్పుడు మన ఇళ్లలో ఆడవాళ్లు వేలి కణుపుతో తట్టి చూసేవారు. ఖంగుమంటే మంచిది, బొద్దుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టు. రైలు స్టేషనులో ఆగినప్పుడు ఒక మనిషి సుత్తితో చక్రాలను తడుతూ వెళ్లడం మన వయసు వారందరికీ గుర్తే. వైద్యంలో ఈ విద్యను ప్రవేశపెట్టినవారు వియన్నాలో పనిచేసిన లియోపోల్డ్ ఔయెన్‌బ్రుగ్గర్. రోగి రొమ్ము మీద వేళ్లతో తట్టి, వచ్చే శబ్దాన్ని బట్టి లోపల నీరు చేరిందో లేదో చెప్పవచ్చునని 1761లో పుస్తకం రాశారు. ఆయన ఒక సత్రం యజమాని కొడుకు. సత్రాల్లో పీపాలను తట్టి సారా ఎంతుందో తెలుసుకుంటారు.

తట్టడానికి వేలి బదులు చెవికి వినబడని శబ్దం వాడటం తర్వాతి మెట్టు. 1880లో ఫ్రాన్సులో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనుగొన్నారు. అదే స్ఫటికానికి విద్యుత్తు ఇస్తే కంపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాములను పట్టుకోవడానికి పాల్ లాంజెవిన్ ఈ గుణాన్నే వాడి సముద్రంలోకి అతిధ్వనులు పంపి ప్రతిధ్వని విన్నారు. 1928లో లెనిన్‌గ్రాడ్‌లో సెర్గీ సొకొలోవ్ ఇనుములో దాగిన పగుళ్లను అతిధ్వనులతో పట్టవచ్చని చూపించారు. సముద్రం అయింది, ఇనుము అయింది. ఇక మనిషి తల మిగిలింది.

వియన్నా ప్రయోగం

ఆ సాహసం చేసినవారు వియన్నాకే చెందిన నరాల వైద్యుడు కార్ల్ డూసిక్. సోదరుడు ఫ్రీడ్రిక్ భౌతికశాస్త్రం తెలిసినవాడు, ఆయనా తోడయ్యాడు. తలకు ఒక పక్కనుంచి అతిధ్వనిని పంపి, రెండో పక్కన ఎంత బయటికి వస్తున్నదో కొలవాలి. వచ్చిన శబ్దాన్ని బట్టి ఒక దీపం వెలుగు హెచ్చుతగ్గులయ్యేట్టు అమర్చి, ఆ వెలుగును ఫొటో కాగితం మీద పట్టాలి. ద్రవం నిండిన గదుల గుండా శబ్దం తేలిగ్గా పోతుంది కాబట్టి వాటి నీడలు పడతాయి, కంతి వాటిని ఎటు తోసిందో తెలుస్తుంది, డాండీ గారి గాలి బాధ రోగికి తప్పుతుంది అన్నది ఆయన ఆశ. 1942లో మొదటి వ్యాసం ప్రకటించారు. యుద్ధం ముగిశాక చిత్రాలు కూడా ప్రకటించారు. వాటిలో మెదడు గదుల వంటి ఆకారాలు కనిపించాయి. అతిధ్వనిని రోగనిర్ణయానికి వాడిన తొలి వ్యక్తిగా డూసిక్ పేరే చెబుతారు.

అయితే పెద్ద ఆశ పుట్టినప్పుడు దాన్ని సరిచూసేవారు కూడా ఉండాలి. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన హ్యూటర్, బోల్ట్, శస్త్రవైద్యుడు బాలంటైన్ మొదట డూసిక్ పద్ధతిని ఉత్సాహంగా అందుకున్నారు. ఖాళీ పుర్రెను పరీక్షిస్తే మెదడు లేకపోయినా దాదాపు అవే ఆకారాలు వచ్చాయి. 1952లో జర్మనీలో గ్యూట్నర్, ఆయన సహచరులు కూడా ఇదే తేల్చారు. పుర్రె ఎముక అన్నిచోట్లా ఒకే మందంగా ఉండదు. శబ్దాన్ని ఎక్కువగా మింగేది ఎముకే. డూసిక్ చిత్రాల్లో కనబడినవి మెదడు గదులు కావు, ఎముక మందంలోని తేడాలు.

ఆఫీసు భాషలో చెప్పాలంటే ‘పరిశీలించి ముగించడమైనది’ అని రాసి ఫైలు మూశారన్నమాట. కాని ముగించేటప్పుడు కారణం స్పష్టంగా రాశారు. అడ్డం వస్తున్నది ఎముక. శబ్దానికి కంతిని గుర్తించే శక్తి ఉందా లేదా అన్న ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. కారణం రాయకుండా మూసిన ఫైలును తిరిగి తెరవడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. ఇక్కడ కారణం రాసి ఉంది కనుకనే తర్వాతి వారికి దారి దొరికింది.

ఎముకను తప్పించుకున్న వారు

డూసిక్ మీద తీర్పు రాకముందే అమెరికాలోని మినియాపొలిస్‌లో జాన్ వైల్డ్ అనే ఇంగ్లీషు శస్త్రవైద్యుడు మరో పని మొదలుపెట్టారు. అక్కడి నౌకాదళ కేంద్రంలో వైమానికులకు రాడార్ నేర్పడానికి వాడే ఒక అతిధ్వని యంత్రం ఉండేది. దాన్ని పట్టుకుని ఆయన మాంసఖండాలను పరీక్షించసాగారు. మెదడు శస్త్రవైద్యుడు లైల్ ఫ్రెంచ్ ఆయనతో కలిశారు. చనిపోయినవారి మెదళ్లను పుర్రె లేకుండా నేరుగా పరీక్షించి, కంతి ఉన్నచోట ప్రతిధ్వని వేరుగా, మామూలు మెదడు ఉన్నచోట వేరుగా వస్తున్నదని 1950లో ప్రకటించారు. మెదడు కంతుల చోటు గుర్తించడం గురించి 1951లో మరో వ్యాసం రాశారు. మనం చెప్పుకుంటున్న విషయానికి అసలు పునాది ఇదే. ఎముకను పక్కన పెడితే శబ్దం కంతినీ మెదడునూ వేరుచేసి చెప్పగలదు. వైల్డ్ గారికి తర్వాత చాలా ఏళ్లు నిధుల చిక్కులు, కోర్టు తగాదాలు తప్పలేదు. 1991లో ఆయనకు జపాన్ బహుమతి లభించింది. అప్పటికి ఆయన వయసు డెబ్భై దాటింది. ఆ జపాన్‌లోనే 1950ల తొలి సంవత్సరాల్లో జుంటెండో విశ్వవిద్యాలయంలో కెంజి తనాకా, తొషియో వాగాయి కూడా మెదడు కంతుల మీద ఇదే తరహా పరిశోధన చేశారు.

స్వీడన్‌లోని లుండ్ నగరంలో లార్స్ లెక్సెల్ ఇంకో ఉపాయం పన్నారు. పుర్రె గుండా మొత్తం చిత్రం రాకపోతే పోనీ, ఒక్క ప్రతిధ్వని చాలునన్నారు. మెదడు కుడి ఎడమ భాగాల నడుమ ఉండే మధ్యరేఖ నుంచి బలమైన ప్రతిధ్వని వస్తుంది. అది నట్టనడుమ లేకుండా ఒక పక్కకు జరిగి ఉంటే రెండో పక్క నుంచి ఏదో తోస్తున్నట్టు. 1953లో తలలో రక్తం గడ్డకట్టిన 16 నెలల పసిబిడ్డలో ఈ జరుగుడును ఆయన పట్టుకున్నారు. వాడినది లోహాల్లో పగుళ్లు వెతికే యంత్రం. తర్వాతి ఇరవై ఏళ్లు ఈ మధ్యరేఖ పరీక్ష అనేక ఆస్పత్రుల్లో నడిచింది.

1971 అక్టోబరు 1న లండన్ దగ్గరి అట్కిన్సన్ మార్లీ ఆస్పత్రిలో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సి.టి. స్కాన్ యంత్రంతో మొదటి రోగికి పరీక్ష జరిగింది. తర్వాత ఎం.ఆర్.ఐ. వచ్చింది. కంతి బొమ్మ నేరుగా కళ్లముందుకు వచ్చేసరికి మధ్యరేఖ పరీక్ష మూలపడింది. శబ్దం పని అయిపోయిందనే అనుకున్నారు.

థియేటరులో పునఃప్రవేశం

అయిపోలేదు. సి.టి. గాని, ఎం.ఆర్.ఐ. గాని చూపేది ఆపరేషనుకు ముందరి మెదడును. పుర్రె తెరిచి, పైపొర కోసి, ద్రవం కొంత కారిపోగానే మెదడు కిందికి కుంగుతుంది. ఒక్కోసారి సెంటీమీటరుకు పైగా జరుగుతుంది. కంతి కొంత తీసేసరికి ఇంకా జరుగుతుంది. నిన్నటి పటం పట్టుకుని నేడు ఊరు వెతికినట్టవుతుంది. పైగా చాలా కంతులు మెదడు లోపల లోతున ఉంటాయి. పైకి అంతా మామూలుగానే కనిపిస్తుంది.

1980 నుంచి 1982 వరకు చికాగోలో రూబిన్, డోర్మన్, మిషిగన్‌లో చాండ్లర్ తమ సహచరులతో కలిసి, కదిలే చిత్రం చూపే అల్ట్రాసౌండ్ యంత్రాన్ని ఆపరేషను థియేటరులోకి తీసుకొచ్చారు. డూసిక్‌ను ఓడించిన ఎముక ఇప్పుడు అడ్డం లేదు, శస్త్రవైద్యుడే దాన్ని తీసి పక్కన పెట్టాడు. పరికరాన్ని మెదడు మీద మెల్లగా ఆనిస్తే చాలు, కంతి మామూలు మెదడు కన్నా తెల్లగా మెరుస్తూ తెరమీద కనిపించేది. మెదడు ఎంత కుంగినా, కంతి ఎంత జరిగినా చిత్రం ఆ క్షణానిదే.

2000లో నార్వేలోని ట్రాన్‌హైమ్ నగరం వైద్యులు, ఇంజనీర్లు అతిధ్వనితో త్రిమితీయ చిత్రం తీసి, శస్త్రవైద్యుడి పనిముట్టు అందులో ఎక్కడుందో చూపే యంత్రాన్ని ప్రకటించారు. గీర్మండ్ ఉన్స్‌గార్డ్ గారు ఈ కృషిలో ముఖ్యులు. మన దేశంలో ముంబయి టాటా మెమోరియల్ కేంద్రంలో డాక్టర్ అలీఅస్గర్ మొయ్యాది గారి బృందం ఇటువంటి త్రిమితీయ పద్ధతిని వాడి తమ అనుభవాన్ని వ్యాసాలుగా ప్రకటించింది. ఆపరేషను మధ్యలో ఎం.ఆర్.ఐ. తీసే థియేటర్లు కూడా ప్రపంచంలో ఉన్నాయి, కాని వాటి ఖర్చు చాలా ఎక్కువ. అల్ట్రాసౌండ్ బండి తోసుకుంటూ ఏ థియేటరుకైనా పోతుంది. మనలాంటి దేశానికి ఈ తేడా చిన్నది కాదు.

అంచు దగ్గరి తగవు

కంతి నడిబొడ్డును గుర్తించడం ఒక ఎత్తు, అంచును గుర్తించడం ఒక ఎత్తు. గ్లయోమా అనే జాతి కంతులకు కొబ్బరిచిప్పలా గట్టి హద్దు ఉండదు. తడిసిన గోడలో చెమ్మ పాకినట్టు మంచి మెదడులోకి పాకిపోతాయి. కొంచెం మిగిలిస్తే మళ్లీ పెరుగుతుంది. కొంచెం ఎక్కువ తీస్తే మాటో, చెయ్యో, చూపో పోతుంది.

మా సెక్షనులో పనిచేసిన ఒక మిత్రుడికి ఇటువంటి కంతే వచ్చింది. ఆపరేషను తర్వాత డాక్టరుగారు ఇంటివారికి చెప్పిన మాట వారి అబ్బాయి నాతో అన్నాడు: “బాబాయిగారూ, మాట పలికించే చోటుకు ఆనుకుని కొంత వదిలేశారట. తీస్తే నాన్న మాట్లాడలేరట.” ఆ మిత్రుడు ఆ తర్వాత ఏడాదికి పైగా జీవించాడు, చివరి నెల దాకా ఫోనులో నాతో మాట్లాడాడు. వదిలేసిన ఆ కొంత ఎంత, ఎక్కడ అన్నది ఎంత కీలకమో నాకు అప్పుడు అర్థమైంది.

ఈ అంచు దగ్గరే మామూలు అల్ట్రాసౌండ్ తడబడుతుంది. కంతి చుట్టూ వాపు ఉన్న మెదడు కూడా తెల్లగానే కనిపిస్తుంది. కోసిన చోట రక్తం, గాయపు గోడలు కూడా మెరుస్తాయి. అంటే ఆపరేషను మొదట్లో చిత్రం స్పష్టంగా ఉండి, ఎక్కువ అవసరమైన చివరి దశలో మసకబారుతుంది. దీనికి విరుగుడుగా ఇటలీలో మిలాన్ వైద్యుడు ఫ్రాన్సెస్కో ప్రాదా బృందం రక్తంలోకి సూక్ష్మమైన గాలిబుడగల మందు ఎక్కించి, రక్తనాళాలు ఎక్కువగా ఉండే కంతి భాగాలు వెలిగేట్టు చేసి 2014లో ఫలితాలు ప్రకటించింది.

వేలి కొసకు కొలత

రెండో విరుగుడు నాకు మరీ నచ్చింది. అనుభవజ్ఞుడైన శస్త్రవైద్యుడు కంతిని కంటితో పాటు వేలితో కూడా గుర్తుపడతాడు. ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా తగులుతుంది. ఆ స్పర్శకు అంకెలు ఇవ్వగలమా? 1991లో అమెరికాలో జొనాథన్ ఓఫిర్ బృందం, నొక్కినప్పుడు ఏ భాగం ఎంత నలుగుతుందో అల్ట్రాసౌండ్‌తో కొలిచే పద్ధతిని ప్రకటించింది. దానికి ఎలాస్టోగ్రఫీ అని పేరు పెట్టింది. తర్వాత పారిస్‌లో మతియాస్ ఫింక్, మికాయెల్ తాంతెర్, వారి సహచరులు మరో మెట్టు ఎక్కారు. అతిధ్వనితోనే కణజాలాన్ని లోపల మెల్లగా తోస్తే, చెరువులో రాయి వేసినట్టు అలలు పుడతాయి. మామూలు అతిధ్వని శరీరంలో సెకనుకు సుమారు 1,540 మీటర్లు పోతే, ఈ అలలు సెకనుకు కొద్ది మీటర్లే పోతాయి. గట్టి చోట వేగంగా, మెత్తని చోట నెమ్మదిగా పోతాయి. సెకనుకు వేల చిత్రాలు తీసే యంత్రంతో ఆ వేగాన్ని కొలిస్తే గట్టిదనం అంకెల్లో వస్తుంది.

2016లో పారిస్ వైద్యులు ఆపరేషను సమయంలో ఇలా కొలిచి చూశారు. మామూలు మెదడు సగటున సుమారు 7 కిలోపాస్కల్స్, మెదడు పొరల్లో పుట్టే మెనింజియోమా సుమారు 33. నెమ్మదిగా పెరిగే గ్లయోమా ఈ రెంటికీ నడుమ సుమారు 24. త్వరగా పెరిగే చెడ్డ గ్లయోమా సుమారు 11 మాత్రమే, అంటే మామూలు మెదడుకు దగ్గర. ప్రమాదకరమైనదే ఎక్కువ మెత్తగా ఉండి తప్పించుకుంటుందన్నమాట. 2021లో ఇంగ్లండు బృందం ఒకటి, మిగిలిపోయిన కంతిని గుర్తించడంలో ఈ పద్ధతి శస్త్రవైద్యుడి కన్ను, చేయి కన్నా ఎక్కువసార్లు ఒప్పు చెప్పిందని, అయితే మంచి మెదడును కంతి అని పొరబడటం కూడా దీనికి ఉందని ప్రకటించింది. పట్టడంలో యంత్రం ముందు, నిర్దోషిని వదలడంలో మనిషి ముందు. అందుకే ఇద్దరూ ఉండాలి.

లెక్క ఎంతవరకు వచ్చింది?

అదే 2021లో హాలెండులోని రోటర్‌డామ్ వైద్యులు చెడ్డ గ్లయోమా రోగులను చీటీ పద్ధతిన రెండు జట్లుగా చేసి పోల్చారు. అల్ట్రాసౌండ్ సాయంతో ఆపరేషను చేసిన జట్టులో కంతి పూర్తిగా తీయగలిగింది 35 శాతం మందికి, అది లేని జట్టులో 8 శాతం మందికి. ఐతే రోగులు సుమారు యాభైమంది లోపే. జీవించిన కాలంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఈ రెండో వాక్యాన్ని కూడా వారు దాచకుండా రాశారు. 1952లో డూసిక్ ఫైలు మూసినవారి నిజాయితీయే ఇక్కడా కనిపిస్తుంది.

కనుక ప్రశ్న అడిగిన మిత్రునికి నా జవాబు ఇది. ఆ పద్దు అనవసరమైనది కాదు. ముందు తీసిన ఎం.ఆర్.ఐ.కి అది నకలు కాదు, మెదడు కుంగిన తర్వాతి నిజాన్ని చూపే ఇంకో సాక్ష్యం. అలాగని దాన్ని చూసి రోగం పూర్తిగా పోయిందని నమ్మకూడదు. మన ఇళ్లలో ఎవరికైనా ఈ ఆపరేషను అవసరమైతే డాక్టరుగారిని రెండు ప్రశ్నలు అడగవచ్చు. కంతి ఎంత మిగిలిందో థియేటరులోనే ఎలా చూస్తారు? ఎంత వదలాలని, ఎందుకని అనుకుంటున్నారు? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు.